అరువు మేకులు

కురుపాం మార్కెట్ వెనక సందులో మా కొట్టు.
రేకు మేకులు, పడవ మేకులు, గుండు లేని మేకులు,
అన్నీ కిలోల లెక్కే.
ఒక్కటి కావాలన్నవాడు ఇన్నేళ్ళలో అతనొక్కడే.

"ఒక్కటేటి బాబూ? తక్కెడ నవ్వుద్ది."
అతనే నవ్వాడు. వచ్చీరాని తెలుగు, భుజాన యూనివర్సిటీ సంచి.
పేరు న్లాందు. కవలల తర్వాత పుట్టినవాడికి పెట్టే పేరట.
ఊరు మతాడి. కాంగో నది మీద ఓడలాగే ఊరు.
అక్కడా క్రేన్లు, అక్కడా కొండకు వేలాడే ఇళ్ళు.
ఉప్పుగాలి మాత్రం లేదన్నాడు,
తుప్పు పట్టిందే ఏరుకుంటూ.

ఫోన్‌లో బొమ్మ చూపించాడు.
నడుమెత్తు కర్ర మనిషి.
ఒంటినిండా మేకులు, చాకు ముక్కలు,
ఎత్తిన కుడిచెయ్యి, తెరిచిన నోరు,
పొట్ట మీద అద్దం.
"అయ్యో, ఏ పాపిష్టోళ్ళు కొట్టారు?"
నాకు తెలిసిన బొమ్మలు ఏటికొప్పాక నుంచి వస్తాయి,
లక్క పూసుకుని, నున్నగా, ఎవరి మీదా కోపం లేకుండా.

బాధపెట్టడానికి కాదన్నాడు. లేపడానికి.
ఇద్దరు మాటిచ్చుకుంటే ఒక మేకు.
నాలుకతో తడిపి మరీ కొడతారు,
మాట తప్పితే ఎవర్ని వెతకాలో బొమ్మకి తెలియాలిగా.
నరం లేని నాలుక అని మనం ఊరుకున్నాం.
వాళ్ళు దానికి ఇనుము తగిలించారు.
అద్దం వెనక మందు: సమాధి మట్టి, తెల్ల సుద్ద, ఏవో గింజలు.
మందు పెట్టేవాణ్ణి న్గంగ అంటారంటే
గేలం మేకులకొచ్చిన ముసలామె
గంగమ్మ అనుకుని చెంపలేసుకుంది.

ఆ బొమ్మ ఇప్పుడు బెల్జియంలో, గాజు పెట్టెలో.
అద్దం ఊడింది. పొట్ట ఎవరో దులిపేశారు.
"కడుపు ఖాళీ అయితే ఉత్త కర్రే. అమ్మమ్మ మాట."
తనూ ఎప్పుడూ ముట్టుకోలేదు.

వెళ్ళబోతూ మా ద్వారబంధం దగ్గర ఆగిపోయాడు.

మా నాన్న పైడియ్యకి చదువు రాదు.
అరువిస్తే ఆ టేకు చెక్కలో ఒక మేకు.
బాకీ తీరిన రోజు పట్కారు వాళ్ళ చేతికే ఇచ్చి
"పీక్కో" అనేవాడు.
ఎడమ పక్క పడవలోళ్ళు, కుడి పక్క వడ్రంగులు.
కరెంటు పోయినా తడిమి చెప్పేవాడు:
ఇది మైలపల్లి దానయ్యది, ఇది సూరాడ ఎర్రయ్యది.

న్లాందు కన్నాల్లో వేలు పెట్టి చూశాడు.
కన్నాలు లెక్కలేనన్ని. మేకులు పదకొండు.
హుద్‌హుద్‌కి ఎర్రయ్య పడవ పోయింది,
మరుసటేడు ఎర్రయ్య. ఆ తర్వాత నాన్న.
ఎర్రయ్య కొడుకు రోజూ ఈ సందులోంచే వెళ్తాడు,
తల అటు తిప్పుకుని.
"ఇచ్చినోడూ పోయి, తీసుకున్నోడూ పోతే
మేకు ఎవరిది బాబూ?"
చాలాసేపు ఆలోచించాడు.
"తెలీదు" అన్నాడు.

అతని దగ్గర చిల్లర లేదు. ఫోన్ మొరాయించింది.
రెండ్రూపాయలే పోనీ అంటే వినలేదు.
కొన్న మేకునే నాలుకతో తడిపాడు.
"తుప్పు! ధనుర్వాతం వస్తాది!" అని నేనరుస్తుండగానే
నా భుజం ఎత్తులో మూడు దెబ్బలు.
మేకు బాకీకి ఆ మేకే.
ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.
అసలు దేనికి కావాల్సొచ్చిందో అడగనే లేదు.

మొన్న రోడ్డు వెడల్పని ఎర్ర గీత గీసిపోయారు,
మా గుమ్మానికి జానెడు లోపల.
వెనకే పాత సామాన్ల వ్యాపారి, బీచ్ రోడ్డు హోటల్‌కట.
"బర్మా టేకు. మంచి ధరిస్తా.
మేకులు పీకేసి, కన్నాలు పూడ్చి, పాలిష్ కొడితే..."
పట్కారు నా చేతికందే దూరంలోనే ఉంది.
"మావి కావండీ" అన్నాను.

సాయంత్రం ఆ అబ్బాయి తల తిప్పుకునేలోపే పిలిచాను.
"ఒరే ఎల్లాజీ, బాకీకి కాదు, ఇలా రా.
ఇది మీ నాన్నది. పీక్కుపో."
నిలబడి చూశాడు. తర్వాత రెండు చేతులా లాగాడు.
రాలేదు.
పదేళ్ళ ఉప్పుగాలి లోపల పట్టుకుని కూర్చుంది.
కొంచెం కొబ్బరినూనె పోశాను.
నానాలి, రేపు మళ్ళీ రా అన్నాను.
వస్తానన్నాడు.